మస్తిష్క తరంగ లేఖనము – మాట పోయినవారికి మాట తెచ్చిన చరిత్ర

మనుజుడు తలచినది పలుకవలెనన్నచో మెదడునుండి నాలుకకు, పెదవులకు, కంఠమునకు నాడులద్వారా ఆజ్ఞ పోవలయును. ఆ మార్గము తెగినచో తలపు నిలిచియుండియు పలుకు నశించును. మెదడు మూలమున రక్తనాళము పూడిపోయి పక్షవాతము సోకినవారు, ఏ.ఎల్.ఎస్. అను వ్యాధిచే కండరములు ఒక్కొక్కటిగ చచ్చుబడినవారు ఈ దుస్థితికి లోనగుచున్నారు. వారిలో పెక్కుమందికి తెలివి చెడదు. వారు విందురు, గ్రహింతురు, బదులు చెప్పలేరు. అట్టివారి మెదడున పుట్టు విద్యుత్తరంగములనే గ్రహించి, వానిచేత కంప్యూటరును, కృత్రిమ హస్తమును, తుదకు కృత్రిమ కంఠమును నడిపించు విద్య యొకటి మన కాలమున పెంపొందినది. ఆ విద్య 1875 మొదలు 2025 వరకు నడచిన దారిని సంగ్రహముగ చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ విద్యను గూర్చి లోకమున ఒక భ్రమ వ్యాపించియున్నది. యంత్రము మనసును పుస్తకమువలె చదువునని పలువురు తలంతురు. చరిత్రను పరిశీలించినచో, నూరేండ్లకు పైబడిన కృషిలో ఫలించిన సాధనములు దాదాపు అన్నియు రోగి తన యిచ్ఛచే చేయు ఏదో యొక సంజ్ఞను గుర్తించునవే యని తెలియుచున్నది. ఆ సంజ్ఞ మాటగా మారుటకు ఒక లిపియో, ఒక భాషయో ఆధారముగ ఉండవలయును. కనుక ఏ యంత్రము వచ్చినను, "ఏ భాషలో?" అను ప్రశ్న దానివెంట రాక తప్పదు. ఇంట నొక భాషయు, బడిలో నొక భాషయు గల మనవంటి ప్రవాసాంధ్రులకు ఈ ప్రశ్న ముఖ్యమైనది.

1. తరంగములు తెలియవచ్చుట

మెదడున విద్యుత్తు పుట్టుననుట మొదట కుందేళ్ళయందును, కోతులయందును తెలియవచ్చినది. ఇంగ్లండులోని లివర్పూలు నగర వైద్యుడు రిచర్డు కేటన్ 1875లో ఎడింబరోలో జరిగిన బ్రిటిషు వైద్యసంఘ సభయందు తన పరిశోధనను నివేదించెను. జంతువుయొక్క కపాలమును తెరచి, మెదడుపై తీగమొనలను తాకించినప్పుడు గాల్వనోమీటరు అద్దమునుండి ప్రతిఫలించు కాంతిబిందువు అటునిటు కదలెను. జంతువు కంటిపై వెలుగు పడినప్పుడు ఆ కదలిక మారెను. 1890లో పోలిష్ శాస్త్రజ్ఞుడగు అడాల్ఫ్ బెక్ కుందేళ్ళయందును, కుక్కలయందును ఇట్టి ప్రవాహములనే స్వతంత్రముగ కనుగొనెను.

మానవుని మెదడు తరంగములను మొదట లిఖింపజేసినవాడు జర్మనీ దేశమున యేనా నగరమందలి మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. ఈతడు 1873లో జన్మించి 1941లో మరణించెను. ఈతని పరిశోధనకు కలిగిన ప్రేరణ విచిత్రమైనది. యౌవనమున సైన్యశిక్షణలో నుండగా గుర్రముపైనుండి పడి, ఫిరంగిబండి చక్రముల క్రింద నలిగిపోవు ప్రమాదమునుండి ఆయన వెంట్రుకవాసిలో తప్పించుకొనెను. ఆనాడే ఆయన క్షేమము నడుగుచు ఇంటినుండి తంతి వచ్చెను. ఏదో ఆపద కలిగినదని తోబుట్టువు పట్టుబట్టగా తండ్రి దానిని పంపెనట. ఒక మనసునుండి మరియొక మనసునకు ఏదేని శక్తి ప్రసరించునేమోయను ఆలోచన బెర్గరును జీవితాంతము వెంటాడెను. ఆ శక్తి ఆయనకు దొరకలేదు. దానికై వెదకుచు ఆయన కనుగొన్న తరంగములు మాత్రము వైద్యశాస్త్రమునకు శాశ్వతమైన సంపద యయ్యెను.

1924లో, శస్త్రచికిత్సచే కపాలమున కొంత భాగము తొలగింపబడిన 17 ఏండ్ల యువకుని తలనుండి బెర్గర్ మొదటి లేఖనమును సంపాదించెను. తాను చూచినది మెదడు ప్రవాహమా, రక్తనాళముల కదలికయా, యంత్రదోషమా యను సంశయము తీరువరకు ఆయన దానిని బయటపెట్టలేదు. అయిదేండ్లు మరల మరల పరీక్షించి 1929లో ప్రకటించెను. కన్నులు మూసికొని ఊరక కూర్చున్నవాని తలనుండి సెకనునకు సుమారు 10 తరంగములు వెలువడును. కన్నులు తెరచినను, మనసులో లెక్క వేయసాగినను అవి అణగిపోవును. వీనికి ఆయన ఆల్ఫా తరంగములని పేరిడెను. తలపై చర్మమువద్ద వీని బలము వోల్టులో పదిలక్షల వంతులు కొన్ని పదులు మాత్రమే; చేతిదీపపు బ్యాటరీ బలములో పదివేలవ వంతైనను కాదు.

ఇంత సూక్ష్మమైన విషయమును పండితులు వెంటనే నమ్మలేదు. 1932లో నోబెల్ బహుమానమును పొందిన కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ ఏడ్రియన్, తన సహచరుడు మాథ్యూస్‌తో కూడి 1934లో ఈ ప్రయోగమును తిరిగి చేసి బెర్గర్ చెప్పినది సత్యమని చాటెను. మరుసటి ఏడు అమెరికాలోని బోస్టను నగర వైద్యులు, ఒక విధమగు మూర్ఛరోగమున సెకనునకు 3 చొప్పున ప్రత్యేకమగు తరంగములు వచ్చునని చూపిరి. నాటినుండి ఈ లేఖనము ఈ.ఈ.జి. అను పేర ఆసుపత్రులలో స్థిరపడినది.

2. తరంగములు అధీనమగుట

తరంగములను లిఖించుట వేరు, వానిని మనుష్యుడు తన యిచ్ఛచే మార్చుట వేరు. ఈ రెండవ మెట్టునకు మన దేశమందలి పరిశోధనలు కూడ కొంత తోడ్పడినవి. 1957లో బాగ్చి, వెంగర్ అను శాస్త్రజ్ఞులు భారతీయ యోగులపై తాము జరిపిన పరీక్షలను ప్రకటించిరి. 1961లో ఢిల్లీయందలి అఖిల భారత వైద్యశాస్త్ర సంస్థకు చెందిన ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ అనువారు ధ్యానమందున్న యోగుల ఆల్ఫా తరంగములను పరీక్షించిరి. సామాన్యులకు వెలుగు పడినను, శబ్దము వినబడినను ఆ తరంగములు చెదరిపోవును. ఆ యోగులకు ధ్యానసమయమున అవి చెదరలేదు. అభ్యాసముచే మెదడు తరంగములు మారునని దీనివలన తెలియవచ్చినది.

అమెరికాలో జో కమియా అను మనశ్శాస్త్రజ్ఞుడు 1958 ప్రాంతమున చికాగోలో సామాన్యులపై ప్రయోగములు చేసెను. "ఇప్పుడు నీ మెదడున ఆల్ఫా ఉన్నదా, లేదా?" అని అడిగి, వారి ఊహ సరియో కాదో వెంటనే తెలుపుచుండెను. కొంత అభ్యాసమునకు పిమ్మట పలువురు సరిగ చెప్పగలిగిరి. అంతకుమించి, కొందరు దానిని కోరినప్పుడు రప్పింపను, ఆపివేయను నేర్చిరి.

ఉండుట, లేకుండుట అను రెండు స్థితులున్నచో సందేశము పంపవచ్చును. తంతి సంకేతములు చుక్కయు, గీతయు తప్ప వేరు కావు. ఈ యుక్తిని ప్రయోగించినవాడు అమెరికా వైమానిక దళపు పరిశోధనశాలలోని ఎడ్మండ్ డేవన్. ఆయన 1967లో ప్రకటించిన వ్యాసములో, ఆల్ఫా తరంగములను నిలుపుచు ఆపుచు మోర్సు సంకేతములచే అక్షరములను పంపిన విధము వర్ణింపబడినది. ఇందొక రహస్యమున్నది. ప్రయోక్తలు తరంగములను మార్చినది కేవల సంకల్పముచేత గాదు. కనుచూపును త్రిప్పుటచేతను, దూరపు వస్తువును చూచునట్లు కంటిని సడలించుటచేతను. యంత్రము వారి తలపును చదువలేదు, వారు చేసిన సంజ్ఞను అందుకొన్నది. అప్పటినుండి ఈ విద్యకు ఇదియే పద్ధతి.

మెదడునకును, కంప్యూటరునకును నేరుగ సంభాషణ కల్పింపవచ్చునని శాస్త్రీయముగ ప్రతిపాదించి, ఆ విద్యకు పేరిడినవాడు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాచార్యుడు జాక్ విడాల్. ఆయన ప్రతిపాదన 1973 నాటిది. 1977లో ఆయన దానిని చేసి చూపెను. మెరయుచున్న దీపములవైపు చూచినప్పుడు మెదడున కలుగు ప్రతిస్పందననుబట్టి, కంప్యూటరు తెరమీది గుర్తు పద్మవ్యూహమువంటి చిక్కుదారిలో కదలెను.

3. అక్షరముల పలక

రోగికి ఉపకరించు మొదటి వ్రాతసాధనము 1988లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున పుట్టినది. దాని నిర్మాతలు ఫార్వెల్, డాంచిన్ అనువారు. మనము ఎదురుచూచుచున్న అరుదైన విషయము కనబడినప్పుడు, సెకనులో సుమారు మూడవ వంతు కాలమునకు మెదడునుండి ఒక పెద్ద తరంగము లేచునని 1965లోనే తెలిసియున్నది. వీరు 6 వరుసలు, 6 నిలువులు గల 36 గదుల పలకను తెరపై నిలిపిరి. ప్రతి గదిలో నొక అక్షరముగాని, ఒక ఆదేశముగాని ఉండెను. వరుసలును నిలువులును ఒక్కొక్కటిగ తళుక్కున మెరయుచుండ, ప్రయోక్త తనకు కావలసిన అక్షరముపై దృష్టి నిలిపి, అది మెరసినన్ని మారులు మనసులో లెక్కించును. ఆ వరుసయు, ఆ నిలువును మెరసినప్పుడే మెదడున ఆ తరంగము లేచును. రెండును కలియుచోట నున్న అక్షరమే ఆయన కోరినది. నిమిషమునకు 2.3 అక్షరములు ఇట్లు వ్రాయబడినవి. వేగము స్వల్పమే.

1991లో న్యూయార్కు రాష్ట్రపు ఆల్బనీ నగరమున జొనాథన్ వోల్పా బృందమువారు, చేతిని కదల్చినప్పుడును, కదల్చినట్లు ఊహించినప్పుడును మారు తరంగములను అభ్యాసముచే అధీనము చేయించి, తెరమీది గుర్తును పైకి క్రిందికి నడిపించిరి. 1999లో జర్మనీలోని ట్యూబింగెన్ నగరమున నీల్స్ బీర్బౌమర్ బృందము, ఏ.ఎల్.ఎస్. వ్యాధిచే కదలికయు మాటయు పోయి కృత్రిమ శ్వాసపై జీవించుచున్న ఇరువురిచేత వాక్యములు వ్రాయించెను. ప్రయోగశాలలోని ఆరోగ్యవంతులకు గాక నిజముగ అవసరమున్నవారికి ఈ సాధనము చేరుట ఇచ్చట గమనింపదగినది. 2003లో ఆస్ట్రియాదేశపు గ్రాట్స్ నగరమున ఫుర్ట్‌షెల్లర్ బృందము మరొక మెట్టు నెక్కెను. కాలుసేతులు చచ్చుబడిన రోగి తన పాదమును కదల్చునట్లు ఊహించగా, ఆ తరంగము చేతి కండరములకు విద్యుత్ప్రేరణ నిచ్చు యంత్రమును నడిపెను. రోగి తన చేతితోనే వస్తువును పట్టుకొనెను.

4. కపాలము లోపలికి

తలపై నంటించు లోహపు బిళ్ళలు సురక్షితములు, కాని కపాలమును చర్మమును దాటివచ్చు తరంగము మసకబారును. గోడ అవతల సభలో కోలాహలము వినబడినను ఎవరి మాట యేదో తెలియనట్లే యిదియు. అందువలన శాస్త్రజ్ఞులు శస్త్రచికిత్సచే మెదడుపైననే సాధనమును నిలుపుటకు సాహసించిరి.

2004లో అమెరికాలోని బ్రౌను విశ్వవిద్యాలయాచార్యుడు జాన్ డొనహ్యూ మొదలగువారు ప్రారంభించిన పరీక్షలో, మెడవద్ద వెన్నుపాము తెగిన యువకుని మెదడున 96 సూదిమొనలు గల చిన్న బిళ్ళను అమర్చిరి. దాని పరిమాణము నలుమూలల 4 మిల్లీమీటర్లు. 2006లో ప్రకటింపబడిన నివేదికనుబట్టి, ఆ యువకుడు కంప్యూటరులో ఉత్తరములను తెరచెను, టెలివిజనును నడిపెను, కృత్రిమ హస్తమును మూసి తెరచెను. 2012లో ప్రకటింపబడిన మరొక ప్రయోగములో, పక్షవాతముచే సుమారు 15 ఏండ్లుగా కదలలేని స్త్రీ యంత్రహస్తముచే సీసానెత్తి తానుగ కాఫీ త్రాగెను. ఇతరుల చేతిమీదుగ గాక తానై పుచ్చుకొన్న గుక్కెడు కాఫీ విలువ రోగికి సేవచేసినవారెవరైన ఎరుగుదురు.

2021లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు, చేయి కదలని ఒకనిని కలము పట్టి వ్రాయునట్లు ఊహింపుమనిరి. ఆ ఊహనుబట్టి కంప్యూటరు నిమిషమునకు 90 అక్షరములను వ్రాసెను. 1988 నాటి 2.3 అక్షరములతో పోల్చినచో 33 ఏండ్లలో వేగము ఇంచుమించు 40 రెట్లు పెరిగినది. ఒకటి తలపైనుండి, మరియొకటి తలలోనుండి గ్రహించినవి గనుక ఈ పోలిక పూర్తిగ సమానమైనది కాదని గుర్తుంచుకొనవలయును.

5. వ్రాతనుండి పలుకునకు

పలుకు వ్రాతకన్న ప్రాచీనము, సహజము. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ చాంగ్ బృందము 2013లో ఒక ముఖ్యమైన విషయము నిరూపించెను. పలుకునకు సంబంధించిన మెదడు భాగము పెదవులు, నాలుక, దవడ, కంఠము అను ఉచ్చారణాంగముల ననుసరించి ఏర్పడియున్నది. పెదవులచే పలుకు ధ్వనులు ఒకచోటను, నాలుకచే పలుకునవి వేరొకచోటను మెదడును కదలించును. మన వర్ణమాలలో క, చ, ట, త, ప వర్గములు కంఠ్య, తాలవ్య, మూర్ధన్య, దంత్య, ఓష్ఠ్యములుగ ఉచ్చారణస్థానముల క్రమమున అమరియుండుట మనకు చిన్ననాటినుండి తెలిసినదే. భారతీయ వైయాకరణులు నోటిలో పరిశీలించి ఏర్పరచిన విభాగమునకు సన్నిహితమైన విభాగము మెదడునందును కనబడుచున్నది.

2021లో ఈ బృందమే, పక్షవాతముచే 15 ఏండ్లకు పైగా మాట పోయిన ఒకని మెదడుపై సాధనమునుంచి, 50 ఇంగ్లీషు మాటలతో వాక్యములు కూర్పించెను. నిమిషమునకు సుమారు 15 మాటలు వచ్చినవి. 2023లో స్టాన్‌ఫర్డు బృందము 62 మాటలను, చాంగ్ బృందము 78 మాటలను సాధించెను. 2024లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయమువారు ఏ.ఎల్.ఎస్. రోగి యొకడు పలుకబోయిన మాటలను నూటికి 97 పాళ్ళు సరిగ గుర్తించిరి. అంతేగాక, వ్యాధికి ముందు నమోదైయున్న ఆతని కంఠమును అనుసరించి యంత్రము ఆతని గొంతుతోనే పలికెను.

2025లో స్టాన్‌ఫర్డువారు నోరు మెదపక లోలోన అనుకొను మాటను సయితము కొంతవరకు గుర్తింపవచ్చునని చూపిరి. యంత్రము మనసును చదువదని ఇంతవరకు చెప్పుకొన్న మాటకు ఇచ్చట పరిమితి ఏర్పడినది. చెప్పదలచినది వేరు, లోన దాచుకొన్నది వేరు. ఆ రెంటికి నడుమ గడియ యుండవలయును. అందుకే, రోగి ఒక సంకేతవాక్యమును మనసులో అనుకొన్నప్పుడే యంత్రము పనిచేయునట్లు వారు ఒక ఉపాయమును పరీక్షించిరి. అంతకుముందే 2021లో దక్షిణ అమెరికాయందలి చిలీ దేశము, మెదడునుండి గ్రహించు సమాచారమునకు రక్షణ కల్పించుచు తన రాజ్యాంగమును సవరించెను.

6. ఏ భాషలో?

ఇంతవరకు చెప్పిన సాధనములలో పెక్కింటికి ఇంగ్లీషు ఆధారము. 36 గదుల పలకలో 26 అక్షరములు సుఖముగ ఇమిడినవి. మన వర్ణమాలకు సంప్రదాయముగ చెప్పు 56 అక్షరములు అందిమడవు. పైగా గుణింతములు, ఒత్తులు ఉన్నవి. "లక్ష్మి" అను రెండక్షరముల పేరునే తీసికొందము. నేటి కంప్యూటరు లిపిలో దీనికి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గుర్తులు కావలయును. 1988 నాటి వేగమున ఒక తల్లి తన కుమార్తె పేరు వ్రాయుటకు మూడు నిమిషములు పట్టును. కావున ఇంగ్లీషు పలకను తెలుగులోనికి దించుకొన్న చాలదు. మన లిపి స్వభావమునకు తగిన పలకను మొదటినుండి కూర్చుకొనవలయును.

ఈ అవసరము మెదడు యంత్రములకే పరిమితము గాదు. 1995లో పక్షవాతముచే సర్వాంగములు నిశ్చలమైన ఫ్రెంచి పత్రికాసంపాదకుడు జాన్ డొమినిక్ బోబీ, ఎడమ కనురెప్ప నొక్కటి ఆర్పుచు పూర్తి గ్రంథమునే చెప్పి వ్రాయించెను. అది 1997లో వెలువడినది. ఎదుటివారు అక్షరములను వరుసగ చదువుచుండ, కావలసినదానివద్ద ఆయన రెప్ప ఆర్పెను. ఆ వరుస అకారాది క్రమమున లేదు. ఫ్రెంచిలో ఎక్కువ వాడుక గల అక్షరములు ముందు వచ్చునట్లు కూర్చబడినది. తెలుగునకు ఇట్టి వరుస కావలెనన్నచో తెలుగు వాడుకనుబట్టియే కూర్చవలయును. దీనికి యంత్రమక్కరలేదు, కాగితము, ఓర్పు చాలును.

మధుర, కోయంబత్తూరు ప్రాంతములలో తెలుగు మాటాడుచు తమిళలిపి మాత్రమే చదువుకొన్నవారున్నారు. కర్ణాటకమున కన్నడలిపియు, బరంపురమున ఒడియాలిపియు, షోలాపురపు నేతపనివారలలో నాగరిలిపియు బడిలో నేర్చినవారున్నారు. అట్టివారికి మాట పోయినచో, తెలుగు అక్షరముల పలక నెదుట నిలిపినను ప్రయోజనము లేదు. తమిళపు పలక నిలిపినచో ఇంటి మాట రాదు. అట్టి సందర్భమున తమిళలిపిలో తెలుగు మాటలను వ్రాసికొను పలకయే అక్కరకు వచ్చును. లిపితో పనిలేక ఉచ్చారణనే గ్రహించు కొత్త సాధనములు ఇచ్చటనే మనకు ఆశ కల్పించుచున్నవి.

ఆ ఆశకు ఆధారము 2024లో లభించినది. చాంగ్ బృందము 50 మాటలతో పలికించిన రోగికి మాతృభాష స్పానిష్; ఇంగ్లీషును ఆతడు జబ్బుపడిన తరువాతనే నేర్చెను. ఆతనికి రెండు భాషలకు వేర్వేరు యంత్రములు కావలసివచ్చునా యని పరిశోధకులు పరీక్షించిరి. రెండు భాషల ఉచ్చారణకును మెదడునందలి సంజ్ఞలు చాలవరకు సమానమని తేలెను. ఒక భాషలో యంత్రము నేర్చినది రెండవ భాషకు ఉపకరించెను. ఆతడు ఏ భాషలో పలుకదలచెనో వాక్యమునుబట్టి యంత్రమే గుర్తించి, రెంటిలోను మాటలు కూర్చెను. స్పానిష్‌కు ఇంగ్లీషునకు గల పొత్తుకంటె తెలుగునకు కన్నడ తమిళములతో గల పొత్తు దగ్గరిది. నాలుక మడచి పలుకు ట, ణ, ళ ధ్వనులు మూడింటికిని ఉన్నవి. కావున రెండు భాషల ఇంట పెరిగిన మన రోగికి ఇట్టి సాధనము మరింత సులభముగ కుదురునని ఊహించుట అసంగతము కాదు.

కాని యంత్రము ధ్వనులను గుర్తించిన తరువాత, వానిని మాటలుగ వాక్యములుగ కూర్చుటకు ఆ భాషయందలి వాడుక విస్తారముగ దానికి తెలిసియుండవలయును. ఇంగ్లీషునకు అట్టి సామగ్రి రాశులుగ నున్నది. పుస్తకములలోని తెలుగు కొంత చేరినను, హోసూరు తెలుగు, షోలాపురము తెలుగు, బరంపురము తెలుగు పుస్తకములకెక్కినది స్వల్పము. వీనిని యంత్రమునకు తెలుపవలసినవారము మనమే. డేవిస్ నగరపు రోగికి తన గొంతు తిరిగి వచ్చుటకు పూర్వము నమోదైన ఆతని మాటలే కారణమను సంగతిని ఇచ్చట మరువరాదు.

మెదడులో నిలుపు సాధనములు ఇంకను పరీక్షాదశలోనే యున్నవి. సామాన్య కుటుంబమునకు అందుబాటులోనికి రాలేదు. వైద్యుని చేతిలోని పని వైద్యునికే విడుతము. మన చేతిలోని పనులు రెండు. ప్రతి శాఖాసంఘమును తన ప్రాంతపు వృద్ధుల సంభాషణను, పేర్లను, పిలుపులను, సామెతలను వారి సమ్మతితో ధ్వనిముద్రణ చేయించి భద్రపరుపవలయును. తెలుగు వాడుకనుబట్టి అక్షరముల వరుసను కూర్చి, ఆయా ప్రాంతపు లిపులలో గూడ పలకలుగ అచ్చువేయించి, మాట పోయిన రోగులున్న ఇండ్లకు పంచవలయును. మొదటిది రాబోవు యంత్రమునకు, రెండవది నేడే మంచముపైనున్న మనిషికి. రెండవదానిని ఈ ఏటనే ఆరంభింపవచ్చును.